అరువు యాసల కార్యాలయం: ‘ఔట్‌సోర్స్‌డ్’ హాస్య ధారావాహిక – చారిత్రక పరిశీలన

సారాంశం

ముంబయిలోని ఒక కాల్ సెంటర్‌ను కథాస్థలంగా తీసుకొని అమెరికన్ టెలివిజన్ సంస్థ ఎన్‌బీసీ 2010–11లో ప్రసారం చేసిన సిట్‌కామ్ ‘ఔట్‌సోర్స్‌డ్’. ఒకే సీజన్‌లో 22 భాగాలతో ముగిసిన ఈ ధారావాహికను నేడు గుర్తుంచుకొన్నవారు తక్కువ. కళాత్మకంగా దీని స్థాయి సామాన్యమే అయినా, ప్రపంచీకరణ కాలంలో భాషకూ శ్రమకూ ఏర్పడిన సంబంధాన్ని అధ్యయనం చేసేవారికి ఇది విలువైన ఆధారమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కాల్ సెంటర్ ఉద్యోగి తన యాసను దాచుకొని పనిచేశాడు. తెర మీద ఆ ఉద్యోగి పాత్రను ధరించిన ప్రవాస నటుడు తనది కాని యాసను తెచ్చిపెట్టుకొని పనిచేశాడు. ఈ రెండు శ్రమలూ ఒకే చోట కలిసిన సందర్భంగా ఈ ధారావాహికను పరిశీలించడం వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: సిట్‌కామ్, కాల్ సెంటర్, యాస, మాతృభాషా ప్రభావం, ప్రవాస భారతీయులు, అమెరికన్ టెలివిజన్.

1. ఉపోద్ఘాతం

సాహిత్య చరిత్ర గాని, కళా చరిత్ర గాని సాధారణంగా కాలానికి నిలిచిన కృతుల చుట్టూ అల్లుకొంటుంది. నిలవనివి జాబితాలలో ఒక పంక్తిగా మిగులుతాయి. అయితే ఒక కాలపు సామాన్య భావనలను తెలుసుకోవడానికి సాదా కృతులే ఒక్కొక్కసారి ఎక్కువ తోడ్పడతాయి. వాటిని రూపొందించినవారు వేటిని వివరించనక్కరలేదని తలచారో, ప్రేక్షకులకు ఏవి ముందే తెలుసునని నమ్మారో వాటిలో స్పష్టంగా కనబడుతుంది. టెలివిజన్ హాస్యం విషయంలో ఇది మరింత నిజం. అరగంట వ్యవధిలో, అందులోనూ ప్రకటనలకు పోగా మిగిలిన ఇరవై చిల్లర నిమిషాలలో వీక్షకుణ్ణి నవ్వించాలంటే, అతని మనసులో అప్పటికే ఉన్న భావన మీదనే హాస్యాన్ని నిలపవలసి ఉంటుంది.

ఈ దృష్టితో చూసినప్పుడు ‘ఔట్‌సోర్స్‌డ్’ ప్రాధాన్యం బోధపడుతుంది. అమెరికా ఇంటింటికీ ఫోనులో గొంతుగా మాత్రమే పరిచయమైన భారతీయ ఉద్యోగికి ఒక ముఖాన్నీ, ఒక బల్లనూ, ఒక కార్యాలయాన్నీ కల్పించిన ధారావాహిక ఇది. ఆ కల్పనలో పని ఎంత ఉన్నది, భాష ఎంత ఉన్నది, పరాయి సంస్కృతి పట్ల ఉన్న వింతచూపు ఎంత ఉన్నది అనేవి ఇక్కడ పరిశీలించవలసిన ప్రశ్నలు.

2. కార్యాలయ సిట్‌కామ్: ప్రక్రియా నేపథ్యం

అమెరికన్ సిట్‌కామ్ తొలిదశలో ప్రధానంగా ఇంటి కథ. ఒక టెలివిజన్ వార్తా విభాగాన్ని నేపథ్యంగా తీసుకొన్న ‘ద మేరీ టైలర్ మూర్ షో’ (1970–77) కార్యాలయాన్నే మరో కుటుంబంగా మలచింది. పోలీస్ స్టేషన్ కథగా ‘బార్నీ మిల్లర్’ (1975–82), టాక్సీ గ్యారేజీ కథగా ‘టాక్సీ’ (1978–83) ఆ మార్గాన్ని విస్తరింపజేశాయి. బ్రిటన్‌లో వచ్చిన ‘ది ఆఫీస్’ (2001–03), దాని అమెరికన్ రూపం (2005–13) కార్యాలయంలోని విసుగునే హాస్యవస్తువుగా చేశాయి.

వీటన్నిటిలోనూ ఒక సామాన్య లక్షణం ఉంది. పాత్రలు ఒకరినొకరు ఎన్నుకోలేదు. జీతం కోసం ఒకే గదిలో కూర్చోవలసి వచ్చినవారు. ఆ గది మారదు. ప్రతి వారం కొత్త చిక్కు వస్తుంది, భాగం ముగిసేసరికి పరిస్థితి యథాస్థానానికి చేరుతుంది. స్థిరమైన కార్యాలయం ఈ ప్రక్రియకు పునాది. ‘ఔట్‌సోర్స్‌డ్’ ఎంచుకొన్న వస్తువుకూ ఈ పునాదికీ మొదటినుంచీ పొత్తు కుదరలేదు.

3. చలనచిత్రం నుంచి ధారావాహికకు

ఈ ధారావాహికకు మూలం జాన్ జెఫ్‌కోట్ దర్శకత్వంలో 2006లో వచ్చిన అదే పేరు గల చలనచిత్రం. సియాటిల్‌లో పనిచేసే టాడ్ అనే ఉద్యోగి విభాగాన్ని యాజమాన్యం భారతదేశానికి తరలిస్తుంది. తన స్థానంలోకి రాబోయే వ్యక్తికి తానే శిక్షణ ఇవ్వడానికి అతడు ఇక్కడికి రావలసి వస్తుంది. ఆతిథ్యమిచ్చినవారి నోట అతని పేరు ‘టోడ్’ అవుతుంది. అంటే కప్ప. కాల్ సెంటర్లలో భారతీయుల పేర్లు మారిపోయే కాలంలో ఒక అమెరికన్ పేరు మారిపోవడం అర్థవంతమైన తలకిందులు. కథ చివర ఈ కేంద్రం కూడా మూతపడి, పని చైనాకు తరలిపోతుంది. పని ఎక్కడ చవకైతే అక్కడికి పోతుందనే ఆర్థిక సూత్రాన్ని చిత్రం కథాంశంగానే నిర్వహించింది.

రాబర్ట్ బోర్డెన్ రూపకల్పనలో ఇది ధారావాహికగా మారినప్పుడు ఈ రెండు అంశాలూ తొలగిపోయాయి. టాడ్ డెంప్సీ శిక్షకుడిగా వచ్చి వెళ్ళిపోయేవాడు కాదు, ఇక్కడే ఉండిపోయే మేనేజరు. కార్యాలయం తరలిపోతే ధారావాహిక ఉండదు కాబట్టి తరలింపు అనేది కథకు వెలుపలే ఉండిపోయింది. శాశ్వతమైన గదిని కోరే ప్రక్రియ, అశాశ్వతతే స్వభావంగా గల శ్రమను వస్తువుగా తీసుకొన్నప్పుడు, ఆ శ్రమలోని ప్రధానమైన భయాన్ని వదులుకోవలసి వచ్చింది. పరిశ్రమ వాస్తవం మాత్రం చిత్రం చెప్పిన దారినే సాగింది. గొంతుతో చేసే సేవలలో ఫిలిప్పీన్స్ భారతదేశాన్ని మించిపోయిందనే వార్తలు ఈ ధారావాహిక ప్రసారమవుతున్న నెలల్లోనే వెలువడ్డాయి.

4. ప్రసార కాలపు వాతావరణం

ధారావాహిక 2010 సెప్టెంబరు 23న, గురువారం రాత్రి 9:30కు, ‘ది ఆఫీస్’ ముగిసిన వెంటనే ప్రసారమైంది. ఆర్థిక మాంద్యం తరువాత అమెరికాలో నిరుద్యోగం 2009 అక్టోబరులో 10 శాతానికి చేరింది. 2010 సంవత్సరపు సగటు 9.6 శాతం. ఉద్యోగాలను విదేశాలకు తరలించే సంస్థలకు పన్ను రాయితీలను తొలగించే బిల్లు ధారావాహిక మొదలైన 5 రోజులకు, సెప్టెంబరు 28న, సెనేట్ ముందుకు వచ్చింది. చర్చను ముగించి బిల్లును ముందుకు నడపడానికి 60 ఓట్లు కావలసి ఉండగా, 53–45 ఓట్లతో అది అక్కడే నిలిచిపోయింది. అదే సంవత్సరం నవంబరు 6న ముంబయిలో వ్యాపార ప్రతినిధులను ఉద్దేశించి ప్రసంగించిన అధ్యక్షుడు బరాక్ ఒబామా, అమెరికన్ల ఉద్యోగాలను లాగేసుకొనే కాల్ సెంటర్ల దేశంగా భారతదేశాన్ని చిత్రించే వక్రచిత్రం తమ దేశంలో ఇంకా ఉన్నదని అంగీకరించాడు.

ఇంతటి వేడి గల వస్తువును గురువారం రాత్రి వినోదంగా మార్చాలంటే రెండు పక్షాలనూ నొప్పించకుండా నడవాలి. ఉద్యోగం కోల్పోయిన అమెరికన్ కోపం తెర మీదకు రాకూడదు, తక్కువ జీతానికి ఆ పని చేస్తున్న భారతీయుడి లెక్కలూ రాకూడదు. ధారావాహిక ఈ ఇబ్బందిని తప్పించుకోవడానికి ఎంచుకొన్న దారి ‘సంస్కృతి’. ఆర్థిక వైరుధ్యం ఉండవలసిన చోట ఆచారభేదం వచ్చి కూర్చొంది.

5. హాస్యానికి ఆధారం: పనా, వింతచూపా?

టాడ్ పనిచేసే ‘మిడ్ అమెరికా నావెల్టీస్’ స్నేహితులను ఆటపట్టించడానికి కొనే చవకబారు వస్తువులను అమ్మే సంస్థ. కాన్సస్ సిటీలోని తన విభాగం భారతదేశానికి తరలిపోయిందని తెలిసి అతడు ముంబయికి చేరుకొంటాడు. అతని స్థానం మీద కన్నేసిన సహాయ మేనేజరు రాజీవ్, చలాకీ యువకుడు మన్‌మీత్, మాటలు ఆపలేని గుప్తా, గొంతు పెగలని మాధురి, ఆత్మవిశ్వాసం గల ఆశ అతని బృందం. అదే భవనంలో మరో అమెరికన్ సంస్థ కాల్ సెంటర్‌ను నడిపే చార్లీ అతని స్వదేశీ స్నేహితుడు.

వస్తువు ఎంపికలో మంచి వ్యంగ్యం ఉంది. ఎవరికీ అక్కరలేని సరుకును, దాని ప్రయోజనమేమిటో ఊహించలేని ఉద్యోగి, అర్ధగోళం అవతల ఉన్న కొనుగోలుదారుకు నచ్చజెప్పి అమ్మాలి. ఆ సరుకు ఏమిటో టాడ్ తన బృందానికి వివరించే సందర్భాలలో అమెరికన్ వినియోగ సంస్కృతే వింతగా కనబడుతుంది. నవ్వు దిశ మారుతుంది. ధారావాహిక ఉత్తమంగా పలికిన చోట్లు ఇవే.

అయితే ఈ దిశ నిలవలేదు. ప్రారంభ భాగంలోనే కిటికీ దగ్గరకు వచ్చిన ఆవు, కడుపు చెడగొట్టే భోజనం, తల ఊపే తీరు, మన్‌మీత్ పేరు మీద ఇంగ్లీషు శ్లేష వరుసగా వచ్చాయి. భాగాల శీర్షికలను పరిశీలించినా ఈ ధోరణి స్పష్టమవుతుంది. ‘జాలీ విందలూ డే’లో వంటకం, ‘టెంపరరీ మాన్‌శానిటీ’లో వర్షకాలం, ‘హోమ్ ఫర్ ద దివాలీడేస్’లో దీపావళి, ‘టాడ్స్ హోలీ వార్’లో హోలీ, ‘రాజీవ్ టైస్ ద బరాత్’లో పెళ్ళి ఊరేగింపు శ్లేషకు ఆధారాలు. ఇవన్నీ పర్యాటకుడి దృష్టికి మొదట తగిలే విషయాలు. ఫోను, హెడ్‌సెట్, కాలపరిమితి, లక్ష్యాలు, తిట్టే కొనుగోలుదారు, రాత్రి ప్రయాణం వంటివి ఈ శీర్షికలకు వస్తువు కాలేదు. వేసవిలో కాన్సస్ సిటీకీ ముంబయికీ మధ్య పదిన్నర గంటల వ్యత్యాసం ఉంటుంది. అక్కడి పగటి వ్యాపారం ఇక్కడి రాత్రి పని. నిద్రను, ఆరోగ్యాన్ని, కుటుంబ జీవితాన్ని తలకిందులు చేసే ఈ వ్యత్యాసం కాల్ సెంటర్ జీవితానికి మూలసూత్రం కాగా, ధారావాహికలో అది కథకు కేంద్రం కాలేకపోయింది.

6. మాతృభాషా ప్రభావం: దోషంగా మారిన యాస

ధారావాహిక వదిలిపెట్టిన విషయాలలో భాషాధ్యయనకారులకు ముఖ్యమైనది యాస. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ 1997లో గుర్గావ్‌లో సేవాకేంద్రాన్ని ప్రారంభించిన నాటినుంచి ఈ పరిశ్రమ దేశంలో విస్తరించింది. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి ప్రారంభించిన సైబర్ టవర్స్‌తో హైదరాబాదు కూడా ఈ పటంలో చేరింది. ఈ రంగపు నియామకాలలో, శిక్షణలో అభ్యర్థి ఉచ్చారణను కొలిచే మాట ఒకటి స్థిరపడింది. అది ‘ఎమ్‌టీఐ’, అంటే మాతృభాషా ప్రభావం. మదింపు పత్రంలో దానిని దోషంగా నమోదు చేస్తారు. అది తగ్గినకొద్దీ అభ్యర్థి విలువ పెరుగుతుంది.

తెలుగు మాతృభాషగా గల అభ్యర్థి విషయంలో ఈ ‘దోషం’ దేనిని సూచిస్తుందో గమనించదగినది. తెలుగు అజంత భాష. బస్సు, కారు, రోడ్డు వంటి ఆదాన పదాలు చివర అచ్చును చేర్చుకొనే మన భాషలో కలిసిపోయాయి. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడూ ఆ అచ్చు నీడ కొందరి ఉచ్చారణలో మిగులుతుంది. ఇంగ్లీషులో రెండు వేరువేరు ధ్వనులుగా ఉన్న ‘వీ’, ‘డబ్ల్యూ’లకు తెలుగులో ‘వ’కారం ఒక్కటే ఉంది. ఇంగ్లీషు పదంలో ఊనిక ఏ అక్షరం మీద పడుతుందన్నది అర్థాన్ని సైతం మార్చగలదు. తెలుగులో ఊనికకు ఆ పని లేదు. ఇవన్నీ క్రమబద్ధమైన ధ్వని సూత్రాల ఫలితాలు. భాషాశాస్త్ర విద్యార్థి తరగతిలో వీటిని వ్యవస్థగా చదువుతాడు. అదే విద్యార్థి ఉద్యోగానికి వెళ్ళినప్పుడు అవే లక్షణాలు తప్పులుగా లెక్కకు వస్తాయి.

ఈ శ్రమ మీద విలువైన పరిశోధనలు వచ్చాయి. శహజాద్ నదీమ్ ‘డెడ్ రింగర్స్’ (2011), కిరణ్ మీర్‌చందానీ ‘ఫోన్ క్లోన్స్’ (2012), ఎ. అనీష్ ‘న్యూట్రల్ యాక్సెంట్’ (2015) వీటిలో ముఖ్యమైనవి. శిక్షణ లక్ష్యం ఎప్పుడూ అచ్చమైన అమెరికన్ యాసే కాదని, ఏ ప్రాంతానికీ చెందనట్లు వినిపించే ‘తటస్థ’ ఉచ్చారణ అని, ఆ తటస్థత సహజంగా ఎక్కడా ఉండేది కాక తయారుచేసినదని అనీష్ వివరించాడు. మారుపేరు పెట్టుకోవడం, మాట్లాడుతున్న చోటు చెప్పకపోవడం ఈ తయారీలో భాగాలు. అంటే కాల్ సెంటర్ అమ్మేది సేవ మాత్రమే కాదు, సేవకుడి ఊరు వినబడకుండా చేయడం కూడా.

ముంబయి బహుభాషా నగరం. మరాఠీ, గుజరాతీ, హిందీ, తమిళం, తెలుగు మాట్లాడేవారి ఇంగ్లీషులు ఒకదానితో ఒకటి పోలవు. ‘ఔట్‌సోర్స్‌డ్’లో సింధీ ఇంటిపేరు గల రాజీవ్ గిద్వానీ, పంజాబీ పేరు గల మన్‌మీత్, తక్కినవారూ దాదాపు ఒకే ‘భారతీయ యాస’లో మాట్లాడతారు. అటువంటి యాస భారతదేశంలో ఎక్కడా లేదు. కాల్ సెంటర్ యాసల మధ్య తేడాలను చెరిపివేసి తటస్థతను తయారుచేస్తే, ధారావాహిక అవే తేడాలను చెరిపివేసి ‘భారతీయత’ను తయారుచేసింది.

7. తెచ్చిపెట్టుకొన్న యాస

ఈ ‘భారతీయత’ తయారైన చోటు లాస్ ఏంజెలెస్. ముంబయి కార్యాలయాన్ని అక్కడి స్టూడియోలో సెట్‌గా నిర్మించారు. నటులలో రిజ్వాన్ మంజీ కెనడా వాడు, సాచా ధావన్, రెబెకా హేజిల్‌వుడ్ బ్రిటన్ వారు, పర్వేశ్ చీనా, అనీశా నాగరాజన్ అమెరికా వారు. వీరి సహజమైన ఇంగ్లీషు వారు పెరిగిన దేశాలది. పాత్ర కోసం వారు భారతీయ యాసను అభ్యాసం చేయవలసి వచ్చింది. ముంబయిలోని ఉద్యోగి అమెరికన్ చెవికి భారతీయుడుగా వినబడకుండా ఉండడానికి జీతం తీసుకొంటుంటే, అమెరికాలోని నటుడు అదే చెవికి తగినంత భారతీయుడుగా వినబడడానికి పారితోషికం తీసుకొన్నాడు. రెండు చోట్లా కొలమానం వినేవాడిదే.

శిల్పా దవే ‘ఇండియన్ యాక్సెంట్స్’ (2013) అనే గ్రంథంలో ఈ తరహా ఉచ్చారణాభినయాన్ని ‘బ్రౌన్ వాయిస్’ అనే భావనతో విశ్లేషించింది. దక్షిణాసియా వ్యక్తిని శాశ్వతంగా పరాయివాడుగా గుర్తింపజేసే సాధనం యాస అని ఆమె వాదం. దీనికి ప్రసిద్ధ ఉదాహరణ 1990లో ‘ద సింప్సన్స్’ కార్టూన్‌లో ప్రవేశించిన దుకాణదారు అపూ. శ్వేతజాతీయుడైన హ్యాంక్ అజారియా ఆ పాత్రకు గొంతునిచ్చాడు. న్యూయార్క్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిపెరిగిన హాస్యకారుడు హరి కొండబోలు 2017లో ‘ద ప్రాబ్లమ్ విత్ అపూ’ అనే డాక్యుమెంటరీ ద్వారా ఆ గొంతు తన తరం మీద వేసిన ముద్రను ప్రశ్నించాడు. ఆ పాత్రకు ఇకపై గొంతు ఇవ్వనని అజారియా 2020 జనవరిలో ప్రకటించాడు. అపూకు, ‘ఔట్‌సోర్స్‌డ్’కు భేదం ఉంది. ఇక్కడ యాసను పలికినవారు దక్షిణాసియా మూలాలు గలవారే. రచయితల బృందంలోనూ అటువంటివారు ఉన్నారు. అయినా ఎవరు పలికారన్నది మారినంతమాత్రాన ఎవరి చెవి కోసం పలికారన్నది మారలేదు.

8. సమకాలీన ధారావాహికలతో పోలిక

అదే సంస్థ గురువారపు కార్యక్రమాలలోనే పోలికకు తగిన ఉదాహరణలు ఉన్నాయి. ‘ది ఆఫీస్’లో మిండీ కేలింగ్ ధరించిన కెల్లీ కపూర్ మొదట ఆ కార్యాలయంలో కబుర్లు ఆపలేని ఉద్యోగిని, ఆ తరువాతే భారతీయ సంతతి యువతి. ‘పార్క్స్ అండ్ రిక్రియేషన్’లో అజీజ్ అన్సారీ ధరించిన టామ్ హేవర్‌ఫర్డ్ తన ముస్లిం పేరును రాజకీయ భవిష్యత్తు కోసం మార్చుకొన్నవాడు. కాల్ సెంటర్ ఉద్యోగుల నిత్యానుభవమైన మారుపేరు, కాల్ సెంటర్ ధారావాహికలో కన్న ఒక అమెరికన్ పురపాలక కార్యాలయపు ధారావాహికలో సూటిగా హాస్యవస్తువైంది.

చారిత్రక వ్యంగ్యం ఏమిటంటే, 2010 శరత్కాలంలో ‘ఔట్‌సోర్స్‌డ్’కు చోటు కల్పించడానికి ‘పార్క్స్ అండ్ రిక్రియేషన్’ మూడవ సీజన్‌ను వాయిదా వేశారు. 2011 జనవరి 20న అది తిరిగి 9:30కు వచ్చినప్పుడు ‘ఔట్‌సోర్స్‌డ్’ను రాత్రి 10:30కు జరిపారు. మే 12న చివరి భాగం ప్రసారమైంది. రెండవ సీజన్ రాలేదు. బ్రిటన్‌లో ఇదే వస్తువుతో సంజీవ్ భాస్కర్ నటించిన ‘ముంబయి కాలింగ్’ (2009) కూడా ఒక్క సీజన్‌తోనే ముగిసింది.

ఈ ధారావాహిక పక్షాన చెప్పవలసిన మాట కూడా ఉంది. అమెరికన్ నెట్‌వర్క్ టెలివిజన్ ప్రధాన సమయంలో ఐదుగురు దక్షిణాసియా సంతతి నటులకు ఒకేసారి ప్రధాన పాత్రలు లభించడం అంతకుముందు అరుదు. డాక్టరుగానో, దుకాణదారుగానో ఒక్కడే కనబడే పరిస్థితిలో, భారతీయులలోనూ అసూయాపరుడు, వాగుడుకాయ, బిడియస్తురాలు, ప్రేమికుడు వేరువేరుగా ఉంటారని చూపడం చిన్న విషయం కాదు. తరువాతి సంవత్సరాలలో రిజ్వాన్ మంజీ ‘షిట్స్ క్రీక్’లో, సాచా ధావన్ ‘డాక్టర్ హూ’లో పేరు తెచ్చుకొన్నారు. ‘ద మిండీ ప్రాజెక్ట్’ (2012–17), ‘మాస్టర్ ఆఫ్ నన్’ (2015–21) వంటి కృతులలో దక్షిణాసియా సంతతివారు తామే రూపకర్తలై, తాము పెరిగిన ఇంగ్లీషులోనే మాట్లాడారు.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• కార్యాలయ సిట్‌కామ్ స్థిరమైన గదిని కోరుతుంది. తరలిపోవడమే స్వభావంగా గల పనిని అందులో ఇమిడ్చే క్రమంలో ‘ఔట్‌సోర్స్‌డ్’ మూలచిత్రంలోని ఆర్థిక వాస్తవాన్ని వదులుకొంది.
• మాంద్యకాలపు ఉద్యోగ వివాదాన్ని తప్పించుకోవడానికి పని స్థానంలో సంస్కృతిని హాస్యవస్తువుగా నిలిపింది. సరుకు గురించి, అమ్మకం గురించి మాట్లాడిన చోట్ల మాత్రమే దాని వ్యంగ్యానికి పదును వచ్చింది.
• కాల్ సెంటర్‌లోని ‘తటస్థ’ యాస, తెర మీది ‘భారతీయ’ యాస ఒకే విపణి అవసరానికి రెండు ముఖాలు. రెండూ ప్రాంతీయ భాషల ఉనికిని చెరిపివేసినవే.

ఈ మూడవ అంశం తెలుగు అధ్యయనాలకు నేరుగా సంబంధించినది. మాండలిక పరిశోధనలో తెలుగు విశ్వవిద్యాలయాలకు దీర్ఘమైన సంప్రదాయం ఉంది. ఆ పరిశోధన ఎక్కువగా వృత్తి పదాలను, గ్రామ వ్యవహారాన్ని ఆధారం చేసుకొంది. రాత్రివేళ హైదరాబాదు శివార్లలోని అద్దాల భవనాలలో కూర్చొని, తన పేరును, తన ఊరిని, తన మాటలోని అచ్చును దాచుకొంటూ పనిచేసిన తరం అనుభవం కూడా తెలుగు భాషా చరిత్రలో భాగమే. ఆ తరంలో చాలామంది ఇప్పుడు నడివయసుకు చేరుకొంటున్నారు. వారి శిక్షణ పుస్తకాలు, వారు పెట్టుకొన్న మారుపేర్లు, ఇంటికి వచ్చాక వారు మాట్లాడిన తెలుగు నమోదు కావలసి ఉంది. లేనిపక్షంలో ఆ తరం గురించి భవిష్యత్ పరిశోధకుడికి దొరికే దృశ్యాధారం లాస్ ఏంజెలెస్ సెట్‌లో చిత్రించిన ఈ 22 భాగాల వంటిదే అవుతుంది.